అలీ కుర్చీ, టైసన్ కుర్చీ

మంగళవారం మెదక్‌లో కటింగ్ షాపులన్నీ బంద్. బద్రుద్దీన్ సెలూన్ ఒక్కటే తెరిచి ఉంటుంది, ఆయన సెలవు శుక్రవారం. అందుకే ఆ మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఇమ్మాన్యుయేల్ అక్కడికే పోవాల్సి వచ్చింది.

పదకొండింటికి పెళ్లిచూపులకు రామాయంపేట నుంచి పిల్లవాళ్లు వస్తారు. పిల్ల పేరు లిల్లీ. బడిలో లెక్కల టీచరు. "మనకు మంగళవారమేంది, బుధవారమేంది? ఆ పిల్లకు బడి సెలవున్న రోజే మనకు మంచిరోజు" అని ఇమ్మాన్యుయేల్ తల్లి రాహేలు కబురు పంపించింది.

ఇది నాలుగో సంబంధం. కౌడిపల్లిలో పిల్ల నచ్చిందా అని అడిగితే, "ఇరవై నిమిషాల పరిచయంతోని ఏం చెప్తం?" అన్నాడు. తూప్రాన్‌లో పిల్ల వండిన కూర ఎట్లుందని అడిగితే, "మా అమ్మ వంటతోని పోల్చలేం, అక్కడి కారం వేరు, ఇక్కడి కారం వేరు" అన్నాడు. మూడో ఇంటివాళ్లు ఈ రెండు ముచ్చట్లూ విని మెదక్ దాకా రానే లేదు. ఇమ్మాన్యుయేల్ చెడ్డవాడు కాదు. మేస్త్రీ ప్రకాశం కొడుకు. ఆ ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషి. బీఎస్సీ, స్టాటిస్టిక్స్. ఆధారం లేకుండా ఒక్క మాటైనా అంటే యూనివర్సిటీ వాళ్లొచ్చి పట్టా వెనక్కి తీసుకుంటారని అతని భయం.

ఇంట్లో నుంచి బయల్దేరుతుంటే రాహేలు గుమ్మంలో అడ్డం నిలబడింది.

"బిడ్డా, నీకు దండం పెడ్త. ఈసారి ఎవలేమడిగినా మంచిగ ఒక్క మాట చెప్పు. నీ బీఎస్సీని జర రెండు గంటలు బయటికి తియ్యకు."

సెలూన్‌లో రెండు కుర్చీలున్నాయి. కిటికీ పక్కది బద్రుద్దీన్‌ది. దాని మీద గోడకు బాక్సర్ మొహమ్మద్ అలీ ఫోటో. లోపలిది ఆయన బామ్మర్ది తాహెర్‌ది. దాని మీద మైక్ టైసన్. ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప అనే పంచాయితీ ఆ షాపులో ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. బద్రుద్దీన్‌కు అరవై రెండేళ్లు. పొడుగు మనిషి. గడ్డం గీసేటప్పుడు కుర్చీ చుట్టూ కాళ్ల మీద తేలుతూ తిరుగుతాడు, ఎటువైపు నుంచి కత్తి వస్తుందో తెలియదు, ముప్పావు గంట పడుతుంది. తాహెర్ పొట్టి మనిషి. మెడ ఉందో లేదో తెలియదు. నిలబడ్డ చోట నుంచి కదలడు. నిమిషంన్నరలో గడ్డం గీసేసి పటికరాయి రుద్దుతాడు. పటికరాయి అవసరం మాత్రం తప్పకుండా పడుతుంది.

షాపు పెట్టింది తాహెర్ తండ్రి. బద్రుద్దీన్ ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన బిడ్డ చాంద్ బీని పెళ్లి చేసుకున్నాడు. ఆ ఉస్తాద్ పోతూపోతూ వీళ్లిద్దరికీ ఒకే ఒక్క షర్తు పెట్టిపోయాడు. ఒకరు సబ్బు పెట్టిన గడ్డానికి ఇంకొకరు కత్తి పెట్టొద్దు.

ఇమ్మాన్యుయేల్ బాగా ఆలోచించి, చెవుల మీద ప్రేమతో, అలీ కుర్చీలో కూర్చున్నాడు. బద్రుద్దీన్ అతని కళ్లద్దాలు తీసి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. అద్దాలు లేకపోతే ఇమ్మాన్యుయేల్‌కు ఎదుటి అద్దంలో కనిపించేది ఒక తెల్లటి ముద్ద మాత్రమే.

కుడి చెంప అయింది. ఎడమ చెంప అయింది. మీసం సర్దడం మొదలైంది. తాహెర్‌కు గిరాకీ లేదు. ఫోనులో పాత ఫైటు చూస్తున్నాడు.

"తొంబై ఒక్క సెకన్లు!" అన్నాడు తాహెర్ బావను చూస్తూ తొడ చరిచి. "టైసన్ గట్ల లోపలికొచ్చి గిట్ల ఒక్కటిస్తే ఖతం. దుల్హేభాయ్, మీ అలీ గంతసేపట్ల బూట్లకు లేసు కూడా కట్టుకోడు."

"ముందుగాల దొరకాలె గదరా. పొగను గుద్దుతడా మీవోడు?" బద్రుద్దీన్ కుర్చీ చుట్టూ అర చుట్టు తిరిగాడు. "అలీ పదిహేను రౌండ్లు ఆడిన మనిషి. మీవోనికి ఆరు రౌండ్లు దాటితే నోట్లె నుంచి నురుగొస్తది. అప్పుడేం జేస్తడు? చెవు కొరుకుతడు. అందుకే నేను గిరాకీలకు చెప్త, ఆ కుర్చీల కూసుంటే చెవులు ఇంట్ల పెట్టి రాండ్రి అని."

"నా కుర్చీల ఎవరి చెవు పోయింది? పేరు చెప్పుండ్రి!"

"పరశురాంది పోతుండె. దేవుడు కాపాడిండు."

తాహెర్ లేచి నిలబడ్డాడు. "లొల్లి ఎందుకు? ఇగో, చదువుకున్న పిలగాడున్నడు. లెక్కల డిగ్రీ. ఈయన ఏం జెప్తే గది. చెప్పు తమ్మీ, ఎవరు గొప్ప?"

తల్లి మాట ఇమ్మాన్యుయేల్‌కు గుర్తొచ్చింది. ఒక్క మాట చెప్పాలి, మంచిగ చెప్పాలి. కానీ మంచి మాట దేనికంటారో, నిజానికి ఎంత దూరంలో అంటారో ఆలోచించేసరికి నోరు దాని పని అది చేసింది.

"చాచా, కాలాలు వేరు. గ్లౌజులు వేరు, రౌండ్లు వేరు, ఎదురొచ్చినోళ్లు వేరు. ఇద్దరినీ పోల్చలేం."

నలభై ఏళ్లలో ఎన్నడూ జారని బద్రుద్దీన్ చెయ్యి జారింది.

ఇమ్మాన్యుయేల్ వేలితో పై పెదవి తడుముకున్నాడు. ఎడమ వైపు మీసం ఉంది. కుడి వైపు నున్నగా ఉంది.

"పోల్చలేమా?" అన్నారు బావా బామ్మర్దీ ఒకే గొంతుతో. ఇరవై ఏళ్లలో ఆ ఇద్దరి నోట ఒకే మాట రావడం అదే మొదలు.

"ఇరవై ఏండ్ల సంది మేము పోలుస్తలేమా?" అన్నాడు బద్రుద్దీన్, కత్తి పక్కన పెడుతూ. "మేం పిచ్చోళ్లమా బేటా?"

"చాచా, నా మీసం..."

"మీసం యాడికి పోదు."

"సగం పోయింది చాచా."

"తీర్పు చెప్పు, మిగిలింది చేస్త. అంతదనుక కళ్లద్దాలు కూడా నా తానే ఉంటయ్."

ఇమ్మాన్యుయేల్ తాహెర్ ఉన్న దిక్కు అనుకున్న వైపు చేతులు జోడించాడు. "తాహెర్ భాయ్, పదకొండింటికి పిల్లోళ్లు వస్తుండ్రు. మీరన్నా తీసెయ్యుండ్రి."

"మా అబ్బా పోతూ పెట్టిన షర్తు తమ్మీ," అన్నాడు తాహెర్ నిజంగానే బాధపడుతూ. "ఆయన సబ్బు మీద నేను కత్తి పెట్ట."

వేరే షాపుకు పోదామంటే మంగళవారం. ఇంటికి పోయి సొంతంగా గీసుకుందామంటే, జన్మలో కత్తి పట్టిన చెయ్యి కాదు. టైం పది దాటింది. గత్యంతరం లేక ఇమ్మాన్యుయేల్ లెక్క వేస్తానని ఒప్పుకున్నాడు. రాయడానికి కళ్లద్దాలు కావాలన్నాడు. బద్రుద్దీన్ ఇచ్చాడు. పెట్టుకుని అద్దంలోకి చూసిన ఇమ్మాన్యుయేల్ ఒక్క క్షణం వెనక ఎవరైనా నిలబడ్డారేమో అని తిరిగి చూశాడు.

చిరిగిన క్యాలెండర్ కాగితం వెనక గీతలు గీశాడు. గెలిచినవి, ఓడినవి, నాకౌట్లు, ఛాంపియన్‌గా ఉన్న ఏళ్లు. గీత గీతకూ ఒక కొట్లాట.

"అలీని మూడున్నరేండ్లు ఆడనియ్యలే. పట్టాలు గుంజుకున్నరు. దానికి మార్కులెయ్యి," అన్నాడు బద్రుద్దీన్.

"ఆడని వాటికి మార్కులెట్లేస్తం చాచా? కాలేజీల గూడ ఆబ్సెంట్ అంటే ఆబ్సెంటే."

"టైసన్ ఇరవై ఏండ్లకే ఛాంపియన్. చిన్నోడని ఐదు మార్కులు కలుపు," అన్నాడు తాహెర్.

"జైల్ల కూసున్న మూడేండ్లకు ఎన్ని కలపాలెనో గది కూడా అడుగు," అన్నాడు బద్రుద్దీన్.

ఇమ్మాన్యుయేల్‌కు ఇంకో అనుమానం వచ్చింది. "ఇద్దరితోని లెక్క నిలవది. శాంపిల్ మస్తు చిన్నది" అని ఫోను తీసి పాత ఛాంపియన్లను కూడా వెతికి పట్టీలో ఎక్కించాడు. నలభై తొమ్మిది ఫైట్లలో ఒక్కటీ ఓడని రాకీ మార్సియానో వచ్చాడు. జో లూయిస్ వచ్చాడు. ఈ పని చేస్తున్నప్పుడు అతనికి తన మీసం, పిల్లవాళ్లు, పదకొండు గంటలు ఏవీ గుర్తులేవు. లెక్కలో దిగితే అతను అంతే. పది నలభైకి తల ఎత్తాడు.

"నా లెక్క ప్రకారం జో లూయిస్. దాదాపు పన్నెండేండ్లు కిరీటం దించలే. ఇరవై ఐదుసార్లు నిలబెట్టుకున్నడు."

"గదెవరు?" అన్నాడు తాహెర్.

"మనం రింగుల ఇద్దర్ని తోలితే ఈయన మూడో మనిషిని గెలిపిస్తుండు!" బద్రుద్దీన్ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏ లెక్క ప్రకారం రా బేటా?"

"కాగితంతోని కాదు దుల్హేభాయ్," అని తాహెర్ తువ్వాలు నడుముకు బిగించాడు. "మీరు అలీ, నేను టైసన్. ఇప్పుడే తేల్చేద్దాం."

తేలడం మొదలైంది. అరవై రెండేళ్ల బద్రుద్దీన్ స్ప్రే సీసా పట్టుకుని, కుర్చీల మధ్య తేలుతూ దూరం నుంచి తాహెర్ కళ్లలోకి నీళ్లు కొట్టాడు. తాహెర్ తల వంచుకుని, చెరో చేతిలో పౌడరు బ్రష్షుతో, పొట్టేలులాగా లోపలికి దూసుకొచ్చాడు. మూడో నిమిషానికి షాపంతా తెల్లటి పొగ. బద్రుద్దీన్ గోడకు ఆనుకుని "ఇది నా ఎత్తు, వాడు అలిసిపోవాలె" అని ఆయాసపడ్డాడు. తాహెర్ ఆయన నడుము పట్టుకుని "ఇది నా ఎత్తు" అని ఇంకా ఎక్కువ ఆయాసపడ్డాడు. స్టూలు దభీమని పడింది.

వెనక ఇంట్లో నుంచి చాంద్ బీ పరదా తప్పించుకుని వచ్చింది. చేతిలో చాయ్ ఫ్లాస్కు. పొగలో ఒకరినొకరు పట్టుకుని వేలాడుతున్న భర్తనూ తమ్ముణ్ణీ చూసింది. అది ఆమెకు కొత్త కాదు. కుర్చీలో ఉన్న సగం మీసాన్ని చూసింది. అది కొత్త.

"యా అల్లా! రాహేలు కొడుకువు గాదు నువ్వు? ఇయాల మీ ఇంటికి సుట్టాలొస్తుండ్రంట గద?"

"ఇరవై నిమిషాలల్ల, చాచీ."

ఆమె ఫ్లాస్కు కింద పెట్టి, కొంగు బిగించి, డ్రాయరులో అడుగు నుంచి తండ్రి పాత కత్తి తీసింది. తోలు పట్టీ మీద నాలుగుసార్లు అటూ ఇటూ లాగింది.

"ఆపా, షర్తు..." అన్నాడు తాహెర్ నేల మీద నుంచి, అక్కను చూస్తూ.

"షర్తు అబ్బా మీ ఇద్దరికి పెట్టిండు, నాకు గాదు. అబ్బా చేతులు వణికినంక ఆరేండ్లు ఆయన గడ్డం ఎవరు గీసిండ్రు? నువ్వా? నీ బావనా? నోరు మూస్కొని గా పౌడరు ఊడువుండ్రి."

నీళ్ల చుక్క పెట్టి, ముక్కు కొనను రెండు వేళ్లతో పైకెత్తి, మూడు గీతల్లో మిగిలిన సగం మీసం తీసేసింది. కత్తి తగిలినట్టే లేదు. బద్రుద్దీన్ దగ్గరికొచ్చి ఇమ్మాన్యుయేల్ పై పెదవిని వెలుతురుకు తిప్పి చూశాడు. తాహెర్ కూడా చూశాడు.

"ఉస్తాద్ చెయ్యే," అన్నాడు బద్రుద్దీన్ మెల్లగా.

"అబ్బా చెయ్యే," అన్నాడు తాహెర్.

ఏ లెక్క ప్రకారం అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ఇమ్మాన్యుయేల్ అది గమనించాడు. గమనించి పరుగు పెట్టాడు.

ఇల్లు చేరేసరికి పిల్లవాళ్లు వచ్చి కూర్చున్నారు. గుమ్మంలో అతన్ని చూసిన రాహేలు ఒక క్షణం గుర్తుపట్టక "ఎవలు కావాలె?" అనబోయి ఆపుకుంది. పెద్దవాళ్లు చాయ్ తాగి, పిల్లా పిలగాడూ మాట్లాడుకోవాలని వాళ్లిద్దరినీ వాకిట్లో కుర్చీలేసి కూర్చోబెట్టారు. గుమ్మం పరదా కింద రాహేలు కాళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

"ఫోటోల మీసం ఉండె గద?" అన్నది లిల్లీ.

ఇమ్మాన్యుయేల్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. పౌడరు, స్ప్రే సీసా, జో లూయిస్‌తో సహా. లిల్లీ దస్తీ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగాయి. తర్వాత మొహం సర్దుకుని టీచరులాగా కూర్చుంది.

"తూప్రాన్ల ఒక పిల్లను చూసిండ్రంట గద. ఆమెనా, నేనా?"

ఇమ్మాన్యుయేల్ నోరు తెరిచాడు. "అక్కడి పరిస్థితులు వేరు..." పరదా వెనక రాహేలు దగ్గింది. అతనికి పై పెదవి మీద చల్లగా గాలి తగిలింది.

"మీరే," అన్నాడు.

"ఏ లెక్క ప్రకారం?"

"లెక్క ఎయ్యలే."

అంత పెద్ద అపరాధం అతను జీవితంలో ఒప్పుకోలేదు. చెవులు ఎర్రబడ్డాయి. లిల్లీ అతని మొహాన్ని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు చూసింది.

"నేను మాత్రం ఇప్పుడే చెప్ప," అన్నది. "నాకు నచ్చింది ఫోటోల మీసం. ఇప్పుడున్నది గుండు మూతి. మీసమున్న కాలం వేరు, లేని కాలం వేరు. ఎట్ల పోలుస్త? పెరగనియ్యుండ్రి, మళ్ల వచ్చి చూస్త."

పరదా వెనక కాళ్లు రెండూ ఒక్కసారి ఎగిరి కింద పడ్డాయి.

"ఇరవై రోజులు సాలుతయా?"

ఇమ్మాన్యుయేల్ ఆలోచించాడు. ఇంటర్‌లో ఒకసారి, డిగ్రీలో ఒకసారి మీసం తీయించుకున్నాడు. శాంపిల్ చిన్నదే. అయినా ఆధారం ఉంది.

"ఇరవై రెండు పడతయ్," అన్నాడు.

"గిది లెక్కంటే," అని లిల్లీ లేచి లోపలికి పోయింది, తేదీ చెప్పడానికి.