లేని రాయికి స్వస్థత

మా చెల్లి మాత్రలు మానేసిన రోజు నుంచి మా చర్చిలో దర్శనాలు చెప్పే అయ్యగారి మీద నాకు ఒకటే అనుమానం. అనుమానమేమిటి, ఒళ్లు మంట! చెల్లికి చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉంది. మాత్ర వేసుకున్నంత కాలం హాయిగా ఉంటుంది. మానేస్తే ఎప్పుడు ఎక్కడ పడిపోతుందో తెలియదు. మా ఇద్దరిదీ కుట్టు దుకాణం. చుట్టూ కత్తెరలు, సూదులు, కాలే ఇస్త్రీ పెట్టె. అలాంటి మనిషిని పట్టుకుని ఆయన, "నీకు స్వస్థత అయిపోయిందని దేవుడు నాకు చూపించాడు. ఇంకా మాత్ర మింగితే ఆయన్ని నమ్మనట్టే" అన్నాడట.

"మందులు పారేయమని బైబిలు వాక్యంలో ఎక్కడుందే?" అని దెబ్బలాడాను. "సువార్త రాసినవాళ్లలో ఒకాయన వైద్యుడని చెప్తారు కదే!"

"అది ఎప్పుడో రాసిందక్కా. ఇది దేవుడు ఇవాళ చెప్పిన మాట."

ఎవరికి ఏ దర్శనం వచ్చినా లేఖనంతో సరిచూసుకోమని మా అమ్మ మాకు నేర్పింది. దీని చెవికి అదెక్కలేదు.

మా సంఘంలో ఆడవాళ్లందరం రోజూ సాయంత్రం ఫోన్లో ఒకే లైన్లో కలిసి ప్రార్థన చేసుకుంటాం. ఎవరి కష్టం వాళ్లు ఏడ్చుకుంటూ చెప్పుకుంటారు. అయ్యగారి భార్య కూడా ఉంటుంది. మాట్లాడదు, వింటుంది. ఆదివారం వచ్చేసరికి అవే కష్టాలు అయ్యగారి నోట దర్శనాలై ఊడిపడతాయి. చెప్పుకున్నవాళ్లే నోరు వెళ్లబెట్టుకుని వింటారు! చెల్లి జబ్బు సంగతి ఆ లైన్లో చెప్పి ఏడ్చింది కూడా నేనే.

అందుకే వల వేశాను. "ప్రభువా, ఇది అబద్ధం, నీకు ముందే చెప్తున్నా" అని మనసులో అనుకుని, నా కిడ్నీలో రాయి ఉందని ఫోన్లో బావురుమన్నాను. ఏడుపు ఎంత బాగా కుదిరిందంటే నాకే భయం వేసింది.

ఆదివారం అయ్యగారు కళ్లు మూసుకుని, చెయ్యి వణికిస్తూ, "ఇక్కడొక సహోదరి... కిడ్నీలో రాయి... ఎడమ వైపు... ఇప్పుడే కరిగిపోతోంది!" అన్నాడు. ఎడమ వైపని నేను చెప్పలేదు. అది ఆయన సొంత పైత్యం. అందరూ హల్లెలూయా అంటుంటే చెల్లి నన్ను మోచేత్తో పొడిచి, "లే అక్కా, సాక్ష్యం చెప్పు" అంది. దాని కళ్లనిండా నీళ్లు. నేను లేవలేదు.

మర్నాడు దుకాణంలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెల్లి కత్తిరిస్తున్న గుడ్డ వదిలేసింది.

"ఆయన మీద కోపంతో ఇప్పుడు కల్పిస్తున్నావేమో, నాకేం తెలుసు?" అంది. "పోనీ నిజమే అనుకుందాం. మరి ఆ లేఖనం మాత్రం? అదీ ఎవరో విన్నాం, చూశాం అని రాసిందేగా. దాన్నెలా నమ్ముతావు?"

అయ్యగారి బండారం బయటపెట్టబోతే, దీని అనుమానం దేవుడి మాట మీదికే మళ్లింది. తడబడుతూనే చెప్పాను.

"వాళ్లు తమ పరువు పోయే సంగతులు కూడా దాచలేదే. ప్రాణభయంతో గురువునే ఎరగనన్నవాడు, ఆయన చనిపోయి తిరిగి లేచాడంటే నమ్మనని మొండికేసినవాడు, అందరూ ఉన్నారు అందులో. కల్పించేవాళ్లు తమ వాళ్లనే అంత వెధవల్ని చేసి రాసుకుంటారా? మన అయ్యగారు ఏ దర్శనంలోనైనా తన తప్పు చెప్పుకున్నాడా?"

చెల్లి నా వైపు అదోలా చూసింది.

"అయితే నువ్వూ దాచకు. ప్రార్థనలో అబద్ధమాడానని అందరితో చెప్పు. అప్పుడు నమ్ముతా."

"ముందు మాత్ర వేసుకోవే తల్లీ!"

"ముందు నువ్వు చెప్పు."

ఆ సాయంత్రం ఫోన్ తీశాను. అందరూ లైన్లోకి వచ్చాక, "అక్కల్లారా, నాకు రాయి లేదు. ఏ వైపూ లేదు. దేవుడి సన్నిధిలో మీ అందరితో అబద్ధమాడి ఏడ్చాను" అన్నాను.

అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. "ప్రార్థనతో నాటకాలా! సిగ్గుందా నీకు?" అంది, నేను వరసకి వదినా అని పిలుచుకునే ఆవిడ.

"ఉంది వదినా. చచ్చేంత సిగ్గుగా ఉంది."

ఈసారి ఏడుపు ఆపుకుందామన్నా ఆగలేదు. ఒక్కొక్కరే లైన్ కట్ చేసుకుని వెళ్లిపోయారు.

ఫోన్ దించేసరికి చెల్లి నీళ్ల గ్లాసుతో ఎదురుగా నిలబడి ఉంది. మాత్ర నోట్లో వేసుకుని, గుటకేసి, మూతి తుడుచుకుంది.

"కల్పించేవాళ్లు ఇంత పరువు పోగొట్టుకోరులే అక్కా" అంది.