పైలట్ తల్లి ఏడుపు

పైడిరాజు యుద్ధానికి కూర్చున్నాడంటే ఇంట్లో కుక్కరు కూత పెట్టకూడదు. ఫ్యాను తిరగకూడదు, కుళాయి కారకూడదు, అంట్లు చప్పుడు కాకూడదు. దండెం మీది బట్టల్లోకి ఇనపరాయి దుమ్ము ఎర్రగా దిగుతున్నా తలుపు తీసి తెచ్చుకోకూడదు. ఇనపగనుల ఊరు కిరండూల్లో, రైల్వే క్వార్టర్లో ఆదివారం మధ్యాహ్నం ఉక్క ఎలా ఉంటుందో, సగం ఉడికిన పప్పు ముందు నిలబడ్డ కల్యాణిని అడగాలి. యుద్ధం మొగుడిది, చెమట ఆమెది.

యుద్ధమంటే కంప్యూటర్లో విమానాల ఆట. పైడిరాజు ఉద్యోగం సిగ్నల్స్‌లో. డ్యూటీ దిగాక మాత్రం అతను స్క్వాడ్రన్ లీడరు. ఆటలో విమానం నడిపి, దాన్ని సినిమాలా కత్తిరించి, మైకులో మాటలు చెప్పి, సంగీతం కలిపి తన చానెల్లో పెడతాడు. రియలిజం అన్న మాట అతని నోట్లో ఎప్పుడూ నానుతూ ఉంటుంది. రెక్క అంచున ఆవిరి ఎలా చుట్టుకుంటుంది, అద్దం మీద ఎండ ఎటునుంచి పడుతుంది, ఏ మీట ఏ వైపుకి ఉండాలి, వీటి కోసం మొహం తెలియని వాళ్ళతో తిండి మానేసి వాదిస్తాడు. పేలుడు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక మంటకి నాలుగు మంటలు అతికిస్తాడు. "మసాలా నేకపోతే ఎవుడు సూస్తాడే?" అంటాడు. ప్రమాదం ముంచుకొస్తే విమానంలో హెచ్చరించే గొంతు కల్యాణిదే. నిజం విమానాల్లోనూ అక్కడ ఆడగొంతే పెడతారట, పైలట్లు కిక్కురుమనకుండా వింటారట. ఇంటికంటే విమానమే నయం అనుకుంది ఆమె.

ఈసారి వీడియోలో పైలట్ చచ్చిపోతాడు. విక్రాంత్ అని పేరు కూడా పెట్టాడు. ఆఖర్న అతని తల్లి ఏడవాలి. "నువ్వే ఏడవాల. మన మాటలోనే ఏడు, ఫీలింగొస్తాది. కింద హిందీ అచ్చరాలు నాను ఏసుకుంటాను" అని మైకు ఆమె గడ్డం కిందికి జరిపాడు.

కల్యాణి ఏడ్చింది. ఏడవడం ఆమెకి కొత్త కాదు. పోయిన వానాకాలం దంతెవాడ ఆస్పత్రిలో ఆమెకి పాప పుట్టింది, పుట్టేటప్పటికే ఊపిరి లేదు. లక్కే అనే ఆయా గుడ్డలో చుట్టి తెచ్చి "బేటీ హై, ఏక్ బార్ దేఖ్ లే" అని ఒక్కసారి చూసుకోమంది. అత్త వరహాలమ్మ అడ్డం నిలబడింది. "సూడకు. సూస్తే మమకారం పట్టుకుంటాది. మల్లీ కడుపొస్తాది, అప్పుడు సూసుకుందువు." పైడిరాజు ఆ మూట తీసుకుని వెళ్ళాడు, సాయంత్రానికి తిరిగొచ్చాడు, కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాడు. ఎక్కడ పాతిపెట్టాడో ఈరోజు వరకూ చెప్పలేదు. అడిగితే "ఇప్పుడెందుకే" అన్నాడు. పాలు పడితే ఇంకిపోడానికి అత్త మల్లెపూలు తెచ్చి రొమ్ములకి కట్టింది. పాపం, నొప్పెట్టకుండా మెల్లిగానే ముడేసింది. కానీ "పేరెట్టని పిల్లకి ఏడుపేటి? గోడవతల జనాలున్నారు" అన్నదీ ఆవిడే. అప్పటినుంచి కల్యాణి పళ్ళు బిగించి, కుళాయి తిప్పుకుని, ముక్కుతో ఏడుస్తోంది. మైకు ముందూ అలాగే ఏడ్చింది.

"ఏటది, జలుబు సేసినట్టు? రియల్‌గా రావాల" అన్నాడు పైడిరాజు.

కల్యాణికి ఒళ్ళు మండింది. మీట ఎటువైపు ఉండాలో రోజుల తరబడి వెతికిన మనిషి, పక్కగదిలో పెళ్ళాం ఎలా ఏడుస్తోందో ఇన్నాళ్ళలో ఒక్కసారి తలెత్తి చూడలేదు. చూసుంటే ఇదే రియల్ అని తెలిసేది. నిజం ఏడుపుకి చప్పుడుండదని, ఉండనివ్వరని ఇతనికి ఎవరు చెప్పాలి?

మంచం మీంచి వరహాలమ్మ కల్పించుకుంది. "సావింటికి ఎప్పుడూ ఎల్నేదేటే? గుండెలు బాదుకోవాల. పిలిసి పిలిసి ఏడవాల, ఇలాగ" అని తన గుండె మీద కొట్టుకుని చూపించింది. నోరెత్తకు అన్న మనిషే నోరు తెరవమంటోంది. లేని కొడుకు కోసం ఏడవడానికి ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు.

కల్యాణి నోరు తెరిచింది.

"నా తల్లో... నీ మొకమైనా సూడనేదే నా తల్లో... గుడ్డలో సుట్టి నిన్నెటు ఎత్తుకెల్లిపోనారే... నా పాలన్నీ పూలల్లో ఇంకిపోనాయే తల్లో... నిన్ను ఏ మట్టిలో పెట్టినారో నాతో సెప్పనేదే..."

ఎంతసేపు ఏడ్చిందో ఆమెకే తెలియదు. నడుం వంగిపోయింది, చేతులు వాటంతటవే గుండె బాదాయి. ఏడుస్తూనే ఆమెకి హాయి కూడా కలిగింది. అత్త విన్నది, మొగుడు విన్నాడు, ఇంక దాచేదేముంది? ఇప్పుడితను లేచొచ్చి భుజం మీద చెయ్యి వేస్తాడు. వెయ్యకపోయినా ఫలానా చోటని చెబుతాడు. ఆ చోటు చెబితే చాలు, వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేస్తుంది.

వరహాలమ్మ కొట్టుకోవడం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది.

పైడిరాజు బొటనవేలు పైకెత్తాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటినుంచీ విన్నాడు. "అదిరిపోయిందే కల్యాణీ! ఈ ఒక్క ఏడుపుతో వీడియో లేచిపోతాది." మళ్ళీ విని మొహం చిట్లించాడు. "కానీ సచ్చినోడు మగోడు కదా, తల్లో ఏటి? సరే, అది కోసీగలను. మొకం సూడనేదన్న ముక్క ఉంది సూడు, అదే తేడా కొట్టేస్తంది. ఏ తల్లయినా కన్నబిడ్డ మొకం సూడకుండా ఉంటాదేటి? రియలిజం పోతాది. ఎవుడూ నమ్మడు."

కల్యాణి అతని మొహంలోకి చూసింది. ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"పాపనెక్కడ పాతిపెట్టినారు?" అంది.

"ఏ పాప?" అన్నాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

అన్నాక అతని చెయ్యి ఆగింది. అర్థమైంది అతనికి. అర్థమైనట్టు ఆమెకీ తెలిసింది. కల్యాణి నిలబడి ఎదురుచూసింది. పైడిరాజు మైకు మళ్ళీ ఆమె వైపు జరిపాడు.

"ఆ ముక్క ఒక్కటీ నేకుండా ఇంకోపాలి ఏడు" అన్నాడు.

"రాదు" అంది కల్యాణి. "రేపు నువ్వు సచ్చినా రాదు."