జానెడు జాగ

ఆదివారం పొద్దుగాల సావిత్రమ్మ వాకిలి ఊడ్చి, చాయ తాగి, గొంగడి దులిపి భుజాన వేసుకొని బడి వరండాకు పోయేది. నాగర్‌కర్నూల్ దగ్గరి ఆ ఊర్లె తప్పు చేసిన పిల్లలను నష్టపోయినోళ్ల ముందల నిలబెట్టి మాట్లాడించే పని ఆమెకూ, సైకిల్ షాపు శ్రీశైలానికీ పిల్లల కోర్టోళ్లు అప్పజెప్పిండ్రు. జీతం లేదు. గొంగడి సావిత్రమ్మదే. కింద పరిస్తే, తప్పు వల్ల ఎందరు చెడితే అందరు కూసునేందుకు సరిపోను అదే సాగేది. ఎవరినన్నా మర్చిపోతే వాళ్ల జాగ ఖాళీగ కనపడేది. శ్రీశైలం సైకిలెక్కి పోయి పిల్చుకొచ్చేటోడు.

ఆ వారం భానుప్రకాశ్ వంతు. పదహారేండ్లు. సెల్‌ఫోన్ కొందామని రూతమ్మ కౌలు చేనుల బాయి మోటరు పలగ్గొట్టి రాగి తీగ అమ్ముకున్నడు. పల్లి చేను ఎండింది. ఆమె పెనిమిటి జయరాజు పనికని పుణె పోయిండు. రూతమ్మ ఒప్పుకుంటే భాను ఊర్లె ఉంటడు, లేకుంటే హైదరాబాద్‌ల పిల్లల హోంకు పోతడు.

"గింత లొల్లెందుకు? మా నాయిన కొత్త మోటరు ఇప్పిస్త అంటుండు గద," అన్నడు భాను, గోడకు ఆనుకొని.

"జర నోరు మూస్తవా పెద్దమనిషీ?" అన్నడు శ్రీశైలం.

రూతమ్మ వచ్చి కూసుంది. అవతల జయరాజు జాగ ఖాళీ. ఇద్దరి నడుమ ఇంకో ఖాళీ జాగ, జానెడే.

శ్రీశైలం సైకిల్ తాళంచెవి తీసిండు. "ఇదెవరిది రూతక్కా? పిల్చుకొస్త."



"ఆడికి నీ సైకిల్ పోదు తమ్మీ. మోటరు పోయినంక నాలుగు చెట్లన్న బతుకుతయని బాయి మెట్లు దిగి బిందెలు మోసిన. నాకప్పుడు ఐదో నెల. కడుపు పోయిందని ఆయనకు గూడ చెప్పలే."

శ్రీశైలం తాళంచెవి మళ్ల జేబుల వేసుకున్నడు. జానెడు జాగల గొంగడి నల్లగ మెరిసింది, అప్పుడే తానం పోసిన పసితల లెక్క.

భాను గోడ వదిలిండు. "అక్కా... నాకు తెల్వదు."

"అవు. నీకు తెల్వదు."

గొంగడి ఆ చివర ఇంకొంచెం సాగింది. ఒక మనిషి పట్టేంత. ఇంకెవరిని పిలవాలని ఎవ్వరూ అడగలే. రూతమ్మ దాన్ని చూసింది, భాను కాళ్ల దిక్కు చూసింది.

"ఆ కొసకు కూసో. ఇటు జరగకు."

భాను కూసున్నడు.

"ఏం రాయమంటవ్ బిడ్డా?" అన్నది సావిత్రమ్మ.

"ఊర్లెనే ఉంటడని రాయి. మోటరు యాసంగి పంటయినంక ఇయ్యమను వాళ్ల నాయినను. అప్పటిదాక బాయి మెట్లు వీడే దిగాలె. బిందెలు వీడే మొయ్యాలె."

చెప్తున్నంతసేపూ ఆమె అరచెయ్యి జానెడు జాగ మీదనే ఉంది.