రెండో పూత మీద బొటనవేలు

"గిన్నెలకి లేని మెరుపు ప్లాస్టిక్కి కావాల్సొచ్చిందా?" అంది అత్తగారు వంటింటి గుమ్మంలోంచి.

వెనక వరండాలో పీటేసుకుని, ఒళ్లో బండి సైడ్ ప్యానెల్ పెట్టుకుని, తడిపిన గరుకు కాగితంతో రుద్దుతున్న కోడలు తలెత్తలేదు. పదిహేనేళ్లు గిన్నెలు తోమిన చెయ్యి అది. ఎక్కడెంత నొక్కాలో ఒకరు చెప్పక్కర్లేదు.

బండి మొగుడిది. వానలో జారిపడి ముందు హెడ్‌లైట్ డోమూ, రెండు ప్యానెళ్లూ పగలగొట్టుకుని, తనకి కొత్తది కొనుక్కుని, దీన్ని గోడకి ఆనించేశాడు. సోమవారం పొద్దున పాత సామాన్లవాడు పట్టుకుపోతాడు. "నాకిచ్చెయ్యండి" అని అడిగితే అన్నం కలుపుతూ నవ్వాడు. "ఆ మొహంతో రోడ్డెక్కితే పరువు నాది పోతుంది. వాడొచ్చేలోపు కొత్తదానిలా చేసి చూపించు, నీదే." ఆడదాని వల్ల కాదనుకున్న చోట ఇవ్వడానికి మగవాడి చెయ్యి ఎంత పెద్దదో.

ఆమె చొక్కాల ఫ్యాక్టరీలో కుడుతుంది. అయిదింటికి గంట కొడతారు. తీసుకెళ్లడానికి ఆయన ఆరున్నరకి వస్తాడు. ఫోన్ చేస్తే ఒకటే మాట: "ఇంకో పది నిమిషాలు." ఆ పది నిమిషాల్లో గేటు ఖాళీ అవుతుంది, లైట్లు వెలుగుతాయి, వాచ్‌మన్ జాలిపడి తన కుర్చీ ఇటు జరుపుతాడు. ఆ కుర్చీని చూస్తే ఆమెకి ఒళ్లు మండుతుంది. పెళ్లికి ముందు అన్నయ్య బండి మీద ఊరంతా చుట్టిన మనిషి, ఇప్పుడు ఎవరో వచ్చి ఎక్కించుకునే మూట.

అందుకే రంగులేని కొత్త డోమూ ప్యానెళ్లూ తనే తెచ్చుకుంది. శనివారం అడుగుపూతగా ప్రైమర్ కొట్టింది. ఆదివారం పొద్దున దుమ్ము లేవకుండా వరండా అంతా నీళ్లు చల్లి, మూడింటినీ బట్టల తీగకి వేలాడదీసి, స్ప్రే డబ్బా గలగలా ఊపింది. పసుపు రంగు. ఆయన వాడిన నలుపు కాదు. మొదటి పూత మచ్చలు మచ్చలుగా పడింది. ఇంకాస్త కొట్టమని వేలు తహతహలాడినా ఆగింది; ఎక్కువైతే కన్నీళ్లలా కారుతుంది. రెండో పూతకి ప్యానెల్ నిండుగా వెలిగింది. ఆమె గొంతులోకి పాట వచ్చేది, అత్తగారు లేకపోతే.

మధ్యాహ్నం మొగుడు వచ్చాడు. మెతుకు పట్టి చూసినట్టు, డోమ్ నడినెత్తిన బొటనవేలు నొక్కాడు.

"ఇంకా పచ్చిగానే ఉందే" అన్నాడు, వేలు లుంగీకి తుడుచుకుంటూ.

గీతలతో సహా ముద్ర పడింది.

"చిన్నప్పట్నుంచీ అంతే. వీడు వేలు పెట్టందే ఏ పనీ కాదు" అంది అత్తగారు. ఎవరి పక్షాన అందో ఆవిడకే తెలియాలి.

"పైన మెరుపు పూత కొట్టెయ్, కనపడదు. లేదా వదిలెయ్. నీకెందుకే ఈ తంటాలు, నేను తీసుకెళ్తున్నాగా."

మెరుపు పూత దేన్నీ దాచదు. కింద ఉన్నదాన్ని ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె చేసింది అదే కదా, ఆయన వేలి ముద్రల మీద మెరుపు పూయడం. ఏడవలేదు. తమాషాగా, ఉషారొచ్చింది. చెయ్యాల్సిందేమిటో తెలిసిన మనిషికి వచ్చే ఉషారు. డోమ్‌ని ఎండలో పెట్టింది. ఆరాక నీళ్లూ సన్న గరుకు కాగితమూ తెచ్చుకుని ఆ ముద్రని గీత గీతా అరగదీసింది. మళ్లీ రెండు పూతలు. పొద్దు వాలేలోపు మెరుపు. వరండా తలుపుకి తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకుంది.

సోమవారం పాత సామాన్లవాడొచ్చేసరికి ఆఖరి స్క్రూ బిగిస్తోంది. పగిలిన నల్ల ముక్కలు వాడి సంచిలో వేసి, బండి ఎక్కి స్టార్ట్ చేసింది. మొగుడు టీ గ్లాసుతో నిలబడి డోమ్ మీద ఏదో వెతికాడు. దొరకలేదు.

"సాయంత్రం ఎన్నింటికి రమ్మంటావు?" అన్నాడు అలవాటుగా.

"రావద్దు. అన్నం వండి ఉంచండి" అంది ఆమె, హెల్మెట్ బిగించుకుంటూ. "నాకు ఇంకో పది నిమిషాలు పడుతుంది."