నీలి గొడుగు వాళ్ల దేశం

ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే గదిలో ఆరుగురు పనిచేస్తారు. నోరు మాత్రం ఒక్కరిదే ఆడుతుంది. సన్నగా, పొడుగ్గా ఉండే అతన్ని అందరూ రేడియో అంటారు. పొద్దున డ్రైయర్లు తిరగడం మొదలైతే చాలు, అతనూ మొదలు. కంప్యూటర్లు ఎవరి ఉద్యోగాలు ఊడగొడతాయో, ఆటల పిచ్చిలో పిల్లలు ఎలా పాడవుతున్నారో, ఏ దేశం ఏ దేశాన్ని ఎప్పుడు కొట్టాలో, అన్నిటికీ అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

దుప్పటి రెండో కొస పట్టుకునేది చిన్నక్క. ఏభై దాటినా అందరికీ చిన్నక్కే. కొస పట్టుకున్నాక వినక తప్పదు, విన్నాక తల ఊపక తప్పదు.

ఆ నెలలో ఎక్కడో దూరాన రెండు దేశాలకి యుద్ధం వచ్చింది. రేడియోకి చేతినిండా పని.

"ఆ ఊళ్లు నేలమట్టం చేస్తే గానీ వాళ్లకి బుద్ధి రాదక్కా," అన్నాడు ఒక పొద్దున.

"అంతే మరి, కొట్టాల్సిందే," అంది చిన్నక్క, దుప్పటి అంచులు సరిచూసుకుంటూ.

ఆ సాయంత్రం బస్సులో సీటు దొరగ్గానే ఫోన్ తీసింది. కిందటేడు కాలు విరిగి మంచం మీద ఉన్నప్పుడు, పొద్దుపోవడానికని కూతురు అందులో పొలం ఆట పెట్టింది. జట్టుకి పదహారు మంది. ఎవరు ఎవరి చేనుకైనా నీళ్లు పెట్టొచ్చు. రోజూ తప్పకుండా వస్తోందని చిన్నక్కనే నాయకురాలిని చేశారు. తలా ఒక భాషలో రాస్తారు, ఫోనే దాన్ని గ్రాంథికంలోకి మార్చి చూపిస్తుంది. అందరిలోకీ నీలి గొడుగు బొమ్మ పెట్టుకున్నామె అంటే చిన్నక్కకి ఇష్టం. 'గౌరవనీయ సోదరీ, నా ఆవు అలసినది' అని ఆమె రాస్తే బస్సులో ఒక్కతే నవ్వుకునేది.

ఆరోజు ఆమె ఇలా రాసింది: 'సోదరీ, మా వీధిలో పెద్ద శబ్దములు. నా మొక్కజొన్నను చూచుకొనుము.'

ఏ దేశం మీది అని చిన్నక్క అడిగింది. జవాబు చూసి ఫోన్ ఒళ్లో పెట్టేసుకుంది. పొద్దున తాను కొట్టాల్సిందే అన్నది ఆ దేశాన్నే.

మర్నాటి నుంచి నీలి గొడుగు రాలేదు. చిన్నక్క రోజూ ఆమె చేనుకి నీళ్లు పెట్టింది. వారం దాటింది. జట్ల మధ్య పోటీ దగ్గరపడుతోందనీ, రానివాళ్లని తీసేయాలనీ జట్టులో ఒకరు అందుకున్నారు. మిగతావాళ్లు వంతపాడారు. వాళ్ల యుద్ధానికి మనమేం చేస్తామని ఇంకొకరు రాశారు.

"ఆట కదమ్మా," అంది కూతురు. "ఒకరు పోతే ఇంకొకరు వస్తారు. దీనికి అన్నం మానేస్తావా?"

పన్నెండో రోజు భోజనాల వేళ చిన్నక్క నీలి గొడుగుని జట్టులోంచి తీసేసింది. రెండుసార్లు నొక్కితే సరిపోయింది. ఆ చోట్లో వెంటనే ఎవరో కొత్త మనిషి వచ్చి చేరారు.

మధ్యాహ్నమంతా ఆమె చేతిలో మడత కుదరలేదు. రేడియో ఆ దేశం సంగతే ఎత్తాడు.

"అక్కడ నాకు తెలిసినామె ఉంది తమ్ముడూ," అంది చిన్నక్క.

"నీకా? ఎవరు?"

పేరు తెలియదు. వయసూ తెలియదు. "మొక్కజొన్న వేస్తుంది," అంది చివరికి. గదిలో నవ్వులు లేచాయి.

రేడియో నవ్వలేదు. "ఫోన్లో ఉన్నవాళ్లంతా మనుషులే అనుకోకక్కా. సగం మంది కంప్యూటర్లేనట," అన్నాడు, ఓదారుస్తున్నట్టు.

అదే నిజమైతే బాగుండునని చిన్నక్క మనసులో అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పందొమ్మిదో రోజు, ఆమె ఆస్పత్రి గేటు దాటుతుండగా ఫోన్ మోగింది. నీలి గొడుగు బొమ్మ.

'సోదరీ, మన జట్టులో నా ఇల్లు వెతికితిని. కనబడలేదు. అది కూడా పోయినదా?'

చిన్నక్క గోడవారన ఆగిపోయింది. 'రోజులు దాటాయని ఆటే తీసేసింది' అని టైపు చేసింది. పంపబోయి, మొత్తం చెరిపేసింది. 'నేనే తీసేశాను. అందరూ అడిగారు, ఒప్పుకున్నాను. తప్పు చేశాను' అని పంపింది. కొట్టాల్సిందే అన్న మాట మాత్రం రాయడానికి చెయ్యి రాలేదు.

ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయాక జవాబు వచ్చింది.

'నేలమాళిగలో ఉంటిమి. విద్యుత్తు లేదు. నా చేనుకు నీవు నీళ్లు పెట్టితివని చూపుచున్నది, పదకొండు దినములు. అది చాలును.'

చిన్నక్కకి అది చాలలేదు. అప్పటికప్పుడు నాయకత్వం ఇంకొకరికి ఇచ్చేసి జట్టులోంచి బయటికొచ్చింది. కొత్త జట్టు పెట్టి నీలి గొడుగుని పిలిచింది. ఇద్దరే. ఏ పోటీకీ పనికిరాని జట్టు.

మర్నాడు రేడియో ఎప్పటిలాగే అందుకున్నాడు. చిన్నక్క దుప్పటి కొస వదలకుండానే, "ఆ ఊళ్ల సంగతి నా దగ్గర మాట్లాడకు తమ్ముడూ. ఇన్నాళ్లూ తల ఊపాను, ఇక ఊపను," అంది.

అతను తన కొస ఆమె చేతికిచ్చి పక్కకి జరిగాడు. ఆ వారమంతా వేరే మనిషి ఎదుట నిలబడి మడతపెట్టాడు. గదిలో మిగతావాళ్లు కూడా చిన్నక్కతో పొడిపొడిగానే మాట్లాడారు.

నీలి గొడుగు కొన్నాళ్లు రోజూ వచ్చింది. తర్వాత రోజు విడిచి రోజు. ఇప్పటికి నాలుగు రోజులైంది, జాడ లేదు. చిన్నక్క పొద్దున్నే లేచి రెండు చేలకీ నీళ్లు పెట్టి, బస్సు కోసం బయల్దేరింది.