పద్దెనిమిది రేడియోలు, ఒక ఎర్ర తీగ

పదకొండు ముప్పావు అయింది. సైన్స్ గదిలో బల్లల మీద పద్దెనిమిది రేడియోలున్నాయి. ఒక్కటీ పలకడం లేదు.

లీల టీచర్ మళ్లీ గడియారం చూసింది. పన్నెండుకు హెడ్మాస్టర్ రామ్‌రావు వస్తాడు. ఆడపిల్లలు తమ చేత్తో బిగించిన రేడియో పలికితేనే వచ్చే ఏడు వాళ్లకు సైన్స్ క్లాసు. లేదంటే ఈ గది కుట్టుమిషన్లకు పోతుంది. నెల కిందటే తేల్చి చెప్పేశాడు. మైసూరు రాష్ట్రం కర్ణాటకగా మారి ఏడాదైంది గానీ, ఆయన మాట మారదు.

చెక్క పలక, తీగచుట్ట, రెండు సెల్లు, ఒక ట్రాన్సిస్టర్. అంతే సామాను. లీల నిద్ర చెడగొట్టింది ఆ చివరిదే. వేడికి ఓర్చుకునే కొత్త సిలికాన్ రకం పెట్టాలా, పాత జెర్మేనియం రకమా?

"పాతదే పెట్టు టీచరమ్మా," అన్నాడు చౌబారా బురుజు దగ్గర రేడియోలు బాగుచేసే మొగులప్ప. "కొత్తది ఖరాబైతే హైదరాబాద్ పోవాలె. పాతది నా డబ్బాల దొరుకుతది."

వారం ఆలోచించి, ఏదైనా పట్టేటట్టు మూడు రంధ్రాల సాకెట్ పెట్టింది లీల. కరెంటు ఒకదానికి ఇటు నడిస్తే రెండోదానికి అటు నడవాలి. అందుకని సెల్లు తిప్పి పెట్టుకునే వీలు కూడా ఉంచింది.

"ఒక్క అంగీ ఇద్దరికి కుట్టినవ్," అని నవ్వాడు మొగులప్ప. అయినా పిల్లలకు తీగలు కలపడం నేర్పింది అతనే. చివరికి అన్నిట్లో కొత్త రకమే పెట్టారు.

"సెల్లు చూసినవా?" ఇప్పుడు ముందు బల్ల దగ్గరి పిల్లను అడిగింది లీల.

"నిన్న తెచ్చినవే టీచర్. ఏరియల్ మూడుసార్లు చూసిన," అంది భాగీరథి. దుబల్గుండి నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్న పిల్ల.

అన్నీ కాలిపోయాయా? పద్దెనిమిదీనా? లీల పక్కనే నిలబడ్డ మొగులప్ప వైపు తిరిగింది. "అన్నా, పాతదొకటి ఉన్నదా?"

అతని జేబులో ఎప్పుడూ ఒకటుంటుంది. తీసి భాగీరథి పలకలో గుచ్చాడు. ఆ పిల్ల ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది. తర్వాత మెల్లగా అంది.

"గుల్బర్గా స్టేషన్ టీచర్. కంది పురుగు గురించి చెప్తుండ్రు."

లీల సంబరపడలేదు. పాతది పలికిందంటే కరెంటు పాతదాని దిక్కుకే నడుస్తోంది.

"అన్నా, సెల్ల ఎర్ర తీగ ఎటు కలపమన్నవు?"

"ఎటేంది, ఎర్త్‌కు. పదేండ్లసంది అట్లనే..." మొగులప్ప ఆగిపోయాడు. అతని చేతికి అలవాటైన సెట్లన్నీ పాత రకానివే. "కొత్తదానికి నల్లది కదా. నా చెయ్యి పిల్లలకు అంటుకున్నది."

"కొత్తవి కాలినయా అన్నా?"

"రెండు సెల్లకు ఏం కాల్తయమ్మా."

లీల పిల్లల వైపు తిరిగింది. "భాగీరథి తప్ప అందరూ సెల్లు తిప్పి పెట్టండి."

గదంతా టకటకలు. ఒక పిల్ల చెయ్యెత్తింది, తర్వాత ఇంకొకతె, తర్వాత లెక్కపెట్టే పని లేకపోయింది.

పన్నెండుకు వచ్చిన రామ్‌రావు భాగీరథి ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని నిలబడ్డాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లీల ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. మా చేన్ల గూడ ఇదే పురుగు. మందు పేరు చెప్తుండు."

సుద్దముక్క తీసుకుని బల్ల మీదే రాసుకున్నాడు. లేస్తూ అన్నాడు, "మిషన్లు వరండాల ఏస్తం తియ్యి."

ఆయన గడప దాటాక మొగులప్ప చెయ్యి చాపాడు. "నా ట్రాన్సిస్టర్ నాకియ్యి బిడ్డా."

"ఇయ్యను కాకా," అంది భాగీరథి, పలకను ఒళ్లో పెట్టుకుని. "ముందు పలికింది ఇదే."