శివశంకర్ ఎంచిన అచ్చు

శివశంకర్ కంప్యూటర్‌లో పాత జాబ్‌ను కాపీ చేసి, ఒక్కో గడిలో పాత ఆసుపత్రి పేరు చెరిపి కొత్తది కొడుతున్నాడు. కొట్టిన ప్రతి గడి దగ్గరా తెర మీద వేలు ఆనించి, పెదవులు కదుపుతూ చదువుకుంటాడు. పొట్టి మనిషి. మెడ ముందుకు వంగి ఉంటుంది. కుడి మణికట్టు కింద, బల్లకు ఆనే చోట, చర్మం నల్లగా కాయకాసింది. ఆఫీసు ఫొటోల్లో చివరి వరుసలో ఎవరి భుజం వెనకనో సగం ముఖం కనిపిస్తుంది, అది అతనిదే.

నాచారం పారిశ్రామికవాడలో ఒకప్పుడు సబ్బులు చేసిన మేడ మీద, ఆసుపత్రుల ల్యాబులకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ అది. ప్రోగ్రాములు రాసేవాళ్ళు రాసిందాన్ని ఎప్పటికప్పుడు కూర్చి, పరీక్షించి, బాగుందో లేదో చెప్పే పని జెంకిన్స్ అనే సర్వర్‌ది. ఏ ఆసుపత్రికి ఏం చేయాలో దానికి విడివిడిగా చెప్పిపెట్టాలి. అలా చెప్పిపెట్టిందే జాబ్. వందకు పైనే ఉన్నాయి. అన్నీ శివశంకర్ చేత్తో చేసినవే. ఉప్పల్‌లో వాళ్ళ కూరగాయల మళ్ళు ప్లాట్లయిపోయాక డిగ్రీ పట్టుకుని డేటా ఎంట్రీకి చేరి, మెల్లగా ఈ కుర్చీదాకా వచ్చినవాడు.

పోయిన నెల ఒక గడిలో పాత పేరు అలాగే ఉండిపోయింది. ఒక ఆసుపత్రికి పోవలసింది ఇంకో ఆసుపత్రికి పోబోయింది. పరీక్షలోనే దొరికింది కనుక ఎవరికీ ఏమీ కాలేదు. మేనేజర్ జగన్మోహన్ కోప్పడలేదు. ఒక్క అచ్చు పెట్టుకుని అందులోంచి జాబులన్నీ తీసే సాఫ్ట్‌వేర్ పరికరాలు రెండున్నాయని, ఏది సరిపోతుందో మీరే తేల్చి చెప్పాలని అన్నాడు. ఆ చెప్పవలసింది ఈ సాయంత్రమే.

అచ్చు వస్తే తనకిక ఏం పని? ఈ భయం శివశంకర్ ఇంట్లో ఉమారాణికి కూడా చెప్పలేదు. రెండూ పనికిరావని ఒక్క ముక్క అంటే అందరూ నమ్ముతారు. ఆ జాబుల లోతుపాతులు తెలిసినవాడు తనే.

మొదటిదాన్ని ఉదయం పట్టాడు. మామూలు మాటల్లో పేర్లూ వివరాలూ వరుసగా రాస్తే చాలు. చూడగానే అర్థమైంది, ప్రాణం తెరిపిన పడింది. కానీ కొన్ని ఆసుపత్రుల తీరు వేరు. ఒకదానికి ఒక పరీక్ష ఎక్కువ, ఇంకోదానికి ల్యాబులు రెండు. అలాంటి ప్రతిదానికీ అచ్చును కాపీ చేసి మార్చవలసి వచ్చింది. భోజనాల వేళకు అచ్చులే గుంపయ్యాయి.

రెండోది ప్రోగ్రాములా రాయాలి. దాన్ని రాజమండ్రి నుంచి వచ్చిన గౌతమ్ అనే ఇంజనీరు మొదలుపెట్టి ఉంచాడు. శివశంకర్‌కు బ్రాకెట్లలో బ్రాకెట్లు తప్ప ఏమీ కనిపించలేదు. టిఫిన్ డబ్బా మూసి, గౌతమ్‌ను పక్కన కూర్చోమని అడిగాడు. గౌతమ్ ఓపిగ్గా ఒక్కో లైనూ విప్పి చెప్పాడు. ఏ ఆసుపత్రికి ఏది వేరో శివశంకర్ చెబుతుంటే, ఆ తేడాలన్నీ ఒకే అచ్చులో ఒక్కో లైనుగా ఇమిడిపోయాయి.

"గీ ఒక్క కాడ మారిస్తే అన్నిట్ల మారుతదా?"

"అన్నిట్లోనూ మారుతుందన్నా. మీరే నొక్కండి."

పరీక్ష కోసం పెట్టిన ఖాళీ సర్వర్ అది. శివశంకర్ నొక్కాడు. తెల్లటి తెర మీద జాబుల పేర్లు దిగడం మొదలైంది. పేరు పక్కన బూడిద రంగు చుక్క. పేర్లు దిగుతూనే ఉన్నాయి. కాసేపటికి చుక్కలు ఒకటొకటిగా మిణుకుమిణుకుమంటూ, అంతా బాగుందన్న గుర్తుగా నీలంగా మారసాగాయి.

ప్రతి పేరూ అతనికి తెలుసు. ఇది ఉప్పల్ రింగు రోడ్డు మునిగిన వానలో తడిసొచ్చి చేసింది. ఇది తల్లి మల్లవ్వ దవాఖానాలో ఉన్నప్పుడు మనసంతా అక్కడే పెట్టుకుని చేసింది. అదిగో, తను తప్పు చేసినది. తెరిచి చూశాడు. ఆ గడిలో సరైన పేరే ఉంది. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇన్నేళ్ళు తను గడి గడికీ వేలు పెట్టి వెతుక్కున్న వాటన్నిటి లోపలా ఉన్నది ఈ ఒక్క రూపమేనా? రోజూ ముట్టుకుంటూనే ఉన్నాడు, చూడటం మాత్రం ఇదే మొదలు.

"ఇది నాకు రాదు గౌతమ్," అన్నాడు. "జర నేర్పుతవా?"

సాయంత్రం జగన్మోహన్‌కు రెండోదే అని చెప్పాడు. మొదటిది మీకు సులువు కదా అని ఆయన ఆశ్చర్యపోయాడు.

"నాకు అల్కగనే ఉంటది సార్. గని మల్ల కాపీలే అయితయి. గిది నేర్చుకుంట."

ఉప్పల్ బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది, మధ్యాహ్నం నుంచి భయపడటమే మరచిపోయాడని.

ఇంట్లో ఉమారాణి చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని, ఇయ్యాల ఒకటి చూసిన అన్నాడు. పేర్లు ఎలా దిగాయో, చుక్కలు ఎలా వెలిగాయో చేతులతో చూపించాడు. ఆమెకు సగం కూడా అర్థం కాలేదు. అతని ముఖం చూస్తూ ఒలవడం ఆపేసింది. ఇంత మాట్లాడే మనిషి కాడు.

తెల్లారి టీ తెచ్చి లేపింది. లేవలేదు. నిద్రలోనే ఎప్పుడో పోయాడు. ముఖం ప్రశాంతంగా ఉంది.

ఆఫీసువాళ్ళంతా ఉప్పల్ వెళ్ళి వచ్చారు. కొన్నాళ్ళు ఆ అచ్చును ఎవరూ కదపలేదు. తర్వాత జగన్మోహన్ చెబితే గౌతమ్ అసలు సర్వర్ మీద దాన్ని నడిపాడు. అందరూ అతని వెనక నిలబడ్డారు. పేర్లు దిగాయి, చుక్కలు నీలమయ్యాయి, ఒక్కటీ తప్పలేదు.

గౌతమ్ లేచి, ఒకసారి చూసి వద్దామని సర్వర్ గదిలోకి వెళ్ళాడు. ఏసీ చలి ఎముకల్లోకి దిగుతోంది. సర్వర్ మీద, ఈ గదికి వచ్చినప్పుడల్లా శివశంకర్ పెట్టుకునే మంకీ క్యాప్ ఉంది, చెవుల మీదికి లాక్కుని లాక్కుని సాగిపోయిన గోధుమ రంగు ఉన్ని టోపీ. తీద్దామని చెయ్యి వేశాడు. కింద సర్వర్ నడుస్తున్న వేడికి అది వెచ్చగా ఉంది.